సంబంధం ఖాయం కాకముందు

బెంగళూరు,
16 ఫిబ్రవరి 2003, ఆదివారం.

బాబాయికి కౌముది నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో గొంతు చించుకున్నాను. "ఒంట్లో ఎలా ఉంది" అని నాలుగుసార్లు అడిగితే నువ్వు "ఆ, ఆ, సరే" అని నాలుగుసార్లూ ఒప్పుకున్నావు. మా హాస్టల్ పిల్లలు ఎవరితో దెబ్బలాడుతున్నానో అని తొంగిచూశారు. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. తెలుగులో చేత్తో రాసి ఆరేళ్ళయింది. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దుకో, నీకు అలవాటేగా.

శుక్రవారం ఇక్కడ ప్రేమికుల రోజు. ఆఫీసులో ప్రతి అమ్మాయి బల్ల మీదా గులాబీలు. నా బల్ల మీద ప్రోగ్రాములో దొరికిన తప్పుల లిస్టు. మా టీములో సూర్యతేజ అని ఒకడున్నాడు, భీమవరం వాడు. ఎనిమిది నెలలుగా రోజూ సాయంత్రం అయిదింటికి ఇద్దరం కాఫీకి వెళ్తాం. ఆ రోజూ వెళ్ళాం. వాడు గంటసేపు మర్నాటి ఆస్ట్రేలియా మ్యాచ్ గురించి చెప్పాడు. నేను విన్నాను. ఎనిమిది నెలల కాఫీని ఏమంటారో వాడూ చెప్పడు, నేనూ అడగను.

ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పావు కదా. ఒకళ్ళంటే ఒకళ్ళకి ఇష్టమని మనుషులు మొదట్నించీ ఎలా తెలుసుకున్నారు బాబాయ్? క్లాసులో చెప్పినట్టే చెప్పు. నాకు ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

నీ
కౌముది

*

పెద్దాపురం,
27-2-2003.

చిరంజీవి కౌముదికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పులు ఏడు. అందులో నాలుగు క్షమించాను.

పాఠం అడిగావు, రాసుకో. రాతియుగంలో ఎవరు ఎవర్ని ఎలా ఒప్పించారో తెలీదు. తవ్వితే కుండలు దొరుకుతాయి గానీ మాటలు దొరకవు. తర్వాత స్వయంవరాలు. అవి రాజుల కూతుళ్ళకి. విల్లు ఎత్తినవాడికి పిల్లనిచ్చి, దండ ఆవిడ చేత వేయించారు గనక స్వయంవరం అన్నారు. ధర్మశాస్త్రాలు రాసినవాళ్ళు పెళ్ళిళ్ళు ఎనిమిది రకాలన్నారు. ఇద్దరూ ఇష్టపడి చేసుకునేది గాంధర్వం. దానికి మార్కులు తక్కువేశారు కానీ లిస్టులోంచి కొట్టెయ్యలేదు, గమనించు.

ఇక మన ఇంటి చరిత్ర. మా నాయనమ్మకి ఎనిమిదో ఏట పెళ్ళి. పీటల మీదే నిద్రపోయిందట. అడ్డుతెర తీసేసరికి ఎదురుగా ఎవరో కుర్రాడు, వాడి చేతిలో బెల్లం. ఆ బెల్లం తనకి పెడతాడా పెట్టడా అన్నదే ఆవిడ ఆలోచన. మా అమ్మ పెళ్ళయిన రెండేళ్ళకి నాన్నని నూతి దగ్గర చూసి, ఎవరో చుట్టం అనుకుని తలొంచుకుని పక్కకి తప్పుకుంది. నా వంతు 1969లో, అంబాజీపేటలో. పిల్లని ఒక్క ప్రశ్న అడగచ్చని నాన్న పర్మిషన్ ఇచ్చారు. దారి పొడుగునా గొప్ప ప్రశ్న తయారు చేసుకున్నాను. తీరా మీ పిన్ని వచ్చి కూచున్నాక, "మీ ఊరికి పోస్టు ఎన్నింటికి వస్తుందండీ" అన్నాను. "పదకొండింటికండీ" అంది. అంతే మా ప్రేమాయణం. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేశాం.

సూర్యతేజ ఇంటిపేరూ గోత్రమూ రాయి. భీమవరంలో నాకు తెలిసినవాళ్ళున్నారు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు సిగ్గుపడక్కర్లేదు.

నా చెవులకి కాకినాడలో డాక్టరు దగ్గరికి పదిహేను రోజులకోసారి వెళ్తున్నాను. లాభం లేదు. అక్కడ నూకరత్నం గారని నర్సు, ఉప్పాడ ఆవిడ. అందరూ నా చెవిలో అరుస్తారు. నూకరత్నం గారు మాత్రం చిన్న చీటీ మీద రాసి చేతిలో పెడతారు. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. నేను మామూలుగా జవాబు చెప్తాను, నూకరత్నం గారు మళ్ళీ రాస్తారు. మొన్న వంకాయ కారం పెట్టి ఎలా చెయ్యాలో కూడా నూకరత్నం గారే రాసిచ్చారు. చేస్తే మాడింది. మాడిందని చెప్తే, నూకరత్నం గారు నవ్వారు.

ఇట్లు,
ఆశీస్సులతో మీ బాబాయి
భాస్కరం

*

బెంగళూరు,
19 మార్చి 2003.

బాబాయ్,

గోత్రం ఏంటి బాబాయ్! నువ్వు నాన్నకి చెప్పేశావు కూడాను. నాన్న రాత్రి ఫోన్ చేసి "ఎవడమ్మా వాడు, ఎంతవరకూ వచ్చింది" అన్నాడు. ఎక్కడిదాకా వచ్చిందో నాకే తెలీదు, కాఫీ దాకా వచ్చింది. ఆ కంగారులో రెండురోజులు సూర్యతేజతో సరిగా మాట్లాడలేదు. వాడు నాకేదో కోపం వచ్చిందనుకుని ఇప్పుడు కాఫీకి వేరేవాళ్ళతో వెళ్తున్నాడు. పాఠం అడిగితే పెళ్ళి పెత్తనం చేశావు.

కోపం అయిపోయింది. ఇంక నీ సంగతి. నా ఉద్యోగమే తప్పులు పట్టడం. నీ ఉత్తరంలో పిన్ని ఒక్కసారి వచ్చింది. నూకరత్నం గారు ఐదుసార్లు వచ్చారు. వంకాయ నీకు చిన్నప్పట్నించీ పడదు. ఎవరు బాబాయ్ ఆవిడ?

దాచకుండా రాయి. నేను నీలాగా ఎవరికీ చెప్పను.

కౌముది

*

పెద్దాపురం,
14-4-2003.

కౌముదీ,

నేను మీ నాన్నకి చెప్పడం తప్పే. పిల్లల సంగతి పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం తప్ప వేరే దారి నాకు తెలీదు. ఆ అబ్బాయితో నువ్వే మాట్లాడు.

అడిగావు గనక రాస్తున్నాను. ఆవిడకి యాభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి సముద్రంలో చేపల వేటకెళ్ళి బతికిన మనిషి. ఆయన పోయాక ఇద్దరు తమ్ముళ్ళనీ ఈవిడే చదివించింది. ఇప్పుడు ఒంటరిగా ఉంటోంది. ఉప్పాడలో సముద్రం వాళ్ళ ముందున్న రెండు వీధుల్నీ తినేసింది. మూడో వీధిలో కట్టుకున్న ఇల్లు ఇప్పుడు మొదటి వరసలో ఉంది.

చీటీలు దాచాను. నలభై పైగా ఉన్నాయి. "అన్నం తిన్నారా", "రెండో గుండీ ఊడింది, చూసుకోండి", "బస్సులో కిటికీ పక్క కూచోకండి, చెవిలో గాలి పోతుంది". క్రితంసారి ఇచ్చింది ఇది: "మీరు రాని వారం క్లినిక్కు ఖాళీగా ఉంటుంది." అది అబద్ధం. అక్కడ ఎప్పుడూ యాభైమంది కూచుని ఉంటారు.

పిన్ని పోయి ఆరేళ్ళు. చెవులు పోయి రెండేళ్ళు. పిన్ని పోయినప్పుడు ఇంట్లో గిన్నెల చప్పుడు లేదని బాధపడేవాణ్ణి. ఇప్పుడు నేనే గిన్నె కింద పడేసినా చప్పుడు లేదు. రోజు మొత్తం మీద నేను మాట్లాడేది పాలవాడితో "అరలీటరు" అన్న ఒక్క ముక్క. ఒక్కోరోజు వాడు నేను అనకుండానే పోసి వెళ్ళిపోతాడు. ఆ రోజు ఆ ముక్క కూడా ఉండదు. నాకు భయంగా ఉంది కౌముదీ. ఆవిడతో కలిసి ఉండాలని ఉంది. ఈ మాట ఎవరితోనైనా అనడం ఇదే మొదలు.

ఎనిమిది రకాల పెళ్ళిళ్ళలో యాభై తొమ్మిదేళ్ళవాడు ఎలా అడగాలో ఎక్కడా లేదు. మీ కాలం పద్ధతి ఏంటో చెప్పు. మీ నాన్నకి చెప్పకు.

బాబాయి

*

బెంగళూరు,
4 మే 2003.

బాబాయ్, మా బాబాయ్,

నువ్వు పాలవాడి గురించి రాసింది రోజూ గుర్తొస్తోంది. నాకు ఇంతమంది మధ్య కూడా అలాగే ఉంటుంది, తర్వాత చెప్తాను.

మా కాలం పద్ధతి చాలా తేలిక. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వస్తానని చెప్పు. ఒక్కడివే వెళ్ళు. పెళ్ళిచూపుల్లాగా చెయ్యకు. కబుర్లు చెప్పు. చివర్లో, నీకేమనిపిస్తోందో నాకు రాసినట్టే ఆవిడకీ చెప్పు. ఆవిడేమంటుందో చూడు. మధ్యలో ఎవర్నీ పెట్టకు. ఇంతే డేటింగ్ అంటే. మా ఆఫీసులో దీనికి సెంటు కూడా కొట్టుకుంటారు, నువ్వు కొట్టుకోనక్కర్లేదు.

అంత తేలికైతే నువ్వెందుకు చెయ్యలేదే అంటావు. చెప్పడం తేలిక.

వెంటనే రాయి.

కౌముది

*

పెద్దాపురం,
27-5-2003.

చిరంజీవి కౌముదికి,

శుభం. ఆదివారం ఉప్పాడ వెళ్ళివచ్చాను.

ఒక్కణ్ణే వెళ్ళమన్నావు గానీ మనసొప్పలేదు. ఒంటరిగా ఉన్న ఆవిడ ఇంటికి ఒంటరి మగవాడు వెళ్తే ఊరివాళ్ళు ఏమనుకుంటారు? అందుకని పక్కింటి పల్లంరాజు గారిని పెద్దమనిషిగా తీసుకెళ్ళాను. మంచి రోజు చూసుకున్నాం. ఇస్త్రీ పంచె కట్టుకున్నాను, పళ్ళూ పూలూ పట్టుకెళ్ళాను. ఆవిడకి ఏ లోటూ రాకూడదనుకున్నాను. పిల్లని చూడ్డానికి ఎంత మర్యాదగా వెళ్తారో అంత మర్యాదగానూ వెళ్ళాను.

ఆవిడ కొత్త జరీ చీర కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇల్లంతా కడిగి ముగ్గులు. లోపల ఆకులు వేసి ఉన్నాయి, పోపు వాసన వీధిలోకి వస్తోంది. పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదేమో, నా కడుపు కాలిపోతోంది. అయినా నిలదొక్కుకున్నాను. సంబంధం ఖాయం కాకుండా ఆడపిల్ల ఇంట్లో భోంచేసి చెయ్యి కడక్కూడదు కదా. ఆ సంగతి బస్సులోనే పల్లంరాజు గారికి చెప్పి ఉంచాను. ఆవిడ ఆకుల వైపు చెయ్యి చూపించింది. పల్లంరాజు గారు నా తరఫున ఏదో చెప్పారు. నేను నవ్వుతూ తలూపి దణ్ణం పెట్టాను. కాఫీ మాత్రం తాగాం. ఆవిడ తల ఎత్తలేదు. ఈ వయసులోనూ అంత సిగ్గు! నాకు ముచ్చటేసింది.

వారంలో మా వైపు నుంచి కబురు చేస్తామని చెప్పి వచ్చాం. కబురు ఇంకెవరు, నేనే. వచ్చే మంగళవారం క్లినిక్కుకి వెళ్ళినప్పుడు ఖాయం అని చెప్తాను.

నాకు చాలా సంతోషంగా ఉంది. రాత్రి రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాను.

ఆశీస్సులతో
బాబాయి

*

బెంగళూరు,
22 జూన్ 2003.

బాబాయ్,

ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉంది. ముందు నా తప్పు చెప్తాను. నీ ఉత్తరం చూసి అంతా ఖాయమైపోయిందనుకున్నాను. సంతోషం పట్టలేక క్లినిక్కు అడ్రసుకి ఆవిడ పేర ఉత్తరం రాశాను. "పిన్నీ" అని పిలిచాను. నిన్న జవాబు వచ్చింది. ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా కౌముదీ, పిన్నీ అన్నావు, నా కడుపు నిండింది. కానీ నేను నీకు పిన్నిని కాలేనమ్మా. మాస్టారు నీచు ముట్టరని వారం ముందే కొత్త గిన్నెలు కొన్నాను. పొయ్యి కడిగాను. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళని ఆ పూట చేపలు కాల్చొద్దని బతిమాలాను. తెల్లారుజామున లేచి తొమ్మిది రకాలు వండాను. వడ్డిస్తానంటే ఆ పెద్దమనిషి 'మాస్టారు మీ ఇంట్లో చెయ్యి కడగరమ్మా, మా పద్ధతి కాదు' అన్నారు. మాస్టారు నవ్వుతూ తలూపారు. క్లినిక్కులో నా చేతి మాత్ర వేసుకున్న మనిషికి నా చేతి అన్నం పనికిరాలేదు. మా నాయన అనేవాడు, మాటలు తరవాత, ముందు ముద్ద అని. ముద్ద ముట్టనివారితో మాటలేముంటాయి? పైగా చూసుకుని వెళ్ళి కబురు చేస్తామన్నారు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు కూడా ఒకళ్ళు చూసుకుని వెళ్ళి అలాగే అన్నారు. కోపం లేదమ్మా. డ్యూటీ మధ్యాహ్నానికి మార్చుకున్నాను. మాస్టారు పొద్దున్న వస్తారు కదా."

బాబాయ్, నువ్వు ఇలాంటివాడివని నేను ఎప్పుడూ అనుకోలేదు. కులం పట్టింపు ఉంటే అంతదూరం ఎందుకు వెళ్ళావు? ఆవిడకెందుకు ఆశ పెట్టావు?

సూర్యతేజకి గుంటూరు సంబంధం కుదిరింది. "బెస్ట్ ఫ్రెండ్‌వి, నువ్వు రాకపోతే ఊరుకోను" అని శుభలేఖ ఇచ్చాడు. ఒక్కసారి అడిగి ఉంటే ఏమనేవాడో నాకు జన్మలో తెలీదు. ఈ రెండూ ఒకే వారంలో వచ్చాయి.

కౌముది

*

పెద్దాపురం,
30-6-2003.

కౌముదీ,

నీ ఉత్తరం పొద్దున్న వచ్చింది.

కులం గురించి అసలు ఆలోచించలేదంటే అబద్ధం. మొదట్లో ఆలోచించాను. మీ నాన్న ఏమంటాడో, ఊరు ఏమంటుందో అనుకున్నాను. అది ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఉప్పాడ బస్సు ఎక్కినప్పుడు నా మనసులో ఆ మాట లేదు.

అంబాజీపేటలో నేను ఆకలికి తట్టుకోలేక మంచినీళ్ళ చెంబు అందుకోబోతే నాన్న మోకాలు నొక్కారు. పులిహోర వాసన వస్తోంది. బయటికి వచ్చాక చెప్పారు: "వాళ్ళ అన్నం తిని, రేపు పిల్ల వద్దంటే, ఆ పిల్లకి ఎంత చిన్నతనం? తింటే చేసుకోవాలి. చేసుకుంటామని చెప్పి తినాలి." అది పిల్ల పరువు కోసం పెట్టిన నియమం అని నేను నమ్మాను. ఆవిడకీ అదే మర్యాద చేస్తున్నాననుకున్నాను. ఆ నియమం ఆవిడకి తెలుసో లేదో అడగాలని తోచలేదు. పల్లంరాజు గారు ఏ మాటలతో చెప్పారో నేను వినలేదు. వినపడనప్పుడు నవ్వి తలూపడం నాకు అలవాటైపోయింది. అలా రెండేళ్ళుగా ఎన్నింటికి ఒప్పుకున్నానో.

పదిహేను రోజులు ఆగలేక ఈ నెలలో మూడుసార్లు క్లినిక్కుకి వెళ్ళాను. ఆవిడ లేదు. ఎదటపడడానికి సిగ్గుపడుతోందనుకుని నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నీకు జరిగినదాంట్లో నా తప్పు ఉంది తల్లీ. నేను గోత్రం అడక్కుండా ఉంటే ఆ కాఫీలు సాగేవేమో. అది నన్ను వదలదు.

ఎల్లుండి క్లినిక్కుకి సెలవు, ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఒక్కణ్ణే వెళ్తున్నాను. ఆషాఢం, బుధవారం, ఏ బలమూ చూడలేదు.

బాబాయి

*

పెద్దాపురం,
6-7-2003.

చిరంజీవి కౌముదికి,

ఇక్కడ మరిడమ్మ జాతర. ఊరంతా మైకులట. పల్లంరాజు గారు నిద్ర లేక కళ్ళు ఎర్రగా చేసుకుని తిరుగుతున్నారు. ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. ఆయన నేను చెప్పమన్నదే చెప్పారు.

బుధవారం వెళ్ళాను. ఒంటిగంట అయింది. నీకు రాసిందంతా ఆవిడకి కూడా నాలుగు కాగితాల మీద రాసి పట్టుకెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివింది. చదువుతూ ఒకచోట నవ్వింది, తర్వాత చెంగుతో కళ్ళు తుడుచుకుంది. లోపలికి రమ్మంది. నా కాగితం వెనకే రాసింది: "బస్సులో ఆయనకి చెప్పిన ముక్క నాకు చెప్తే సరిపోయేది కదా మాస్టారూ."

అప్పుడు అడిగాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలీదు, పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. మీతో కలిసి ఉండాలని ఉందండీ, మీకు ఇష్టమేనా అన్నాను. కబురు చెయ్యడం లేదు, అడుగుతున్నాను అన్నాను.

ఇంకో కాగితం తీసుకుని రాసింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది, చూసి రాస్తున్నాను: "మీ మీద కోపం పోయింది. కానీ వద్దండి. ముప్పై ఏళ్ళు ఎవరికోసమూ గుమ్మంలో నిలబడకుండా బతికాను. నా అన్నం నేను తిన్నాను. మే నెలలో ఆ ఒక్క రోజు నిలబడ్డాను. మీరు వెళ్ళాక తొమ్మిది రకాలూ ఇరుగుపొరుగుకి పంచుతుంటే అందరూ ఏమైందని అడిగారు. తెలియక జరిగిందని మీరు చెప్తే నమ్ముతున్నాను. కానీ ఆ సాయంత్రం నాకు జరిగిపోయింది. మళ్ళీ ఆశపడే ఓపిక లేదు మాస్టారూ."

నేను బతిమాలలేదు. ఆవిడ చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది. క్లినిక్కుకి వస్తూ ఉండండి, పొద్దున్న డ్యూటీకే మారతాను అని కింద రాసింది. నేను మానేస్తానని చెప్పాను. చెవులకి ఎలాగూ ఉపయోగం లేదు.

నీకు ఒక్క మాట. నువ్వు మొదట అడిగిన ప్రశ్నకి నేను రాసిన పాఠమంతా కొట్టెయ్యి. ఎవరి పద్ధతి వాళ్ళకి అందరికీ తెలిసిందే అనిపిస్తుంది. ఎదటివాళ్ళకి తెలుసో లేదో అడగాలి. ఇంతకంటే నాకేమీ తెలీదు. దసరాకి సెలవు దొరికితే ఇక్కడికి రా. గట్టిగా అరవక్కర్లేదు, కూచుంటే చాలు.

లేవబోతుంటే ఆవిడ భోజనం చేసి వెళ్ళమంది. "దానికీ దీనికీ సంబంధం లేదు, ఎండన పడి వచ్చారు" అని రాసింది. కొత్త గిన్నెలు ఎవరి పెళ్ళికో ఇచ్చేసిందట. రోజూ తను వండుకునే గిన్నెల్లోనే పప్పు వండింది, దొండకాయ వేయించింది. నేను కూచున్నాను. పిన్ని పోయాక ఇంకొకరు నాకోసం వండి వడ్డించడం అదే మొదలు. చాలా బాగుంది కౌముదీ. ఇంకాస్త వెయ్యనా అన్నట్టు గరిటె చూపించింది, వెయ్యమన్నాను. మళ్ళీ చూపించింది, మళ్ళీ వెయ్యమన్నాను. మజ్జిగ కూడా అయిపోయింది. చెయ్యి కడుక్కుంటే లేచి రావాలి కదా. అందుకని ఆ ఎంగిలి చేత్తోనే చాలాసేపు కూచున్నాను. చెయ్యి ఎండిపోయింది. ఆవిడ కూడా నీళ్ళు తేలేదు.

నీ బాబాయి,
భాస్కరం